గుర్తు పెట్టని చిల్లు

హఫీజ్‌పేట్,
జూన్ 8

సరితా,

ఈ దస్తూరి చూడగానే నేనెవరో నీకు తెలిసిపోయి ఉంటుంది. చింపేయాలనిపిస్తే చివరిదాకా చదివాక చింపు. బోరబండ వెళ్లి మీ అమ్మ రాజమ్మగారి దగ్గర నీ అడ్రసు తీసుకున్నాను. ఫోన్ నంబరు కూడా ఇస్తానన్నారు, నేనే వద్దన్నాను. వాట్సాప్‌లో నీలం గీతలు పడ్డాక నీ జవాబు కోసం కళ్లు కాయలు కాచేలా చూడటం నావల్ల కాదు. ఉత్తరమైతే పోస్టులో పోయిందని సరిపెట్టుకోవచ్చు. నేను పిరికిదాన్నని నీకు కొత్తగా చెప్పక్కర్లేదు కదా.

ముందు సంతోషమైన సంగతి చెబుతాను. నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. రెండేళ్ల క్రితం రాక్షసులూ డ్రాగన్లూ ఉన్న ఒక కంప్యూటర్ ఆట కొనుక్కున్నాను. అందులో హీరో విల్లు పట్టే తీరు చూసి ఒళ్లు మండిపోయింది. తాడు పూర్తిగా లాగి పట్టుకుని అలాగే కొండెక్కుతాడు, పక్కవాడితో కబుర్లు చెబుతాడు, చెయ్యి వణకదు. బాణం ఎంత దూరం పోయినా కిందికి దిగదు. జడివానలో నిలబడ్డా తాడు తడవదు. మన కోచ్ మల్లయ్య సార్ చూసి ఉంటే వాణ్ణి గ్రౌండ్ చుట్టూ ఇరవై రౌండ్లు పరిగెత్తించేవారు.

ఇలాంటి ఆటలను ఆడేవాళ్లే తమకు నచ్చినట్టు మార్చుకుని, ఆ మార్పును అందరికీ ఉచితంగా పంచిపెడుతుంటారు. దాన్ని మోడ్ అంటారు. నేనూ ఒకటి చేశాను. నా మోడ్ పెట్టుకుంటే నాలుగు సెకన్లు దాటగానే హీరోగారి చెయ్యి వణుకుతుంది. బాణం వదిలిన క్షణాన చేపలా మెలికలు తిరిగి, ఆ తర్వాతే తిన్నబడుతుంది. బలం చాలనివాడికి బరువు విల్లు లొంగదు. మొదటి వారమంతా తిట్లే తిట్లు. మేము ఆడుకోవడానికి వచ్చామా, జిమ్‌కి వచ్చామా అని ఒకడు రాశాడు. మెల్లగా వాళ్లకే మోజు పుట్టింది. డెబ్బై మీటర్ల నుంచి డ్రాగన్ కంట్లో కొట్టిన ఒకడు, నిజంగా కొట్టినంత సంబరపడుతూ వీడియో పెట్టాడు. ఇప్పటికి నలభై వేలమంది ఆ మోడ్ వాడుతున్నారు. వాళ్లెవరికీ తెలియని సంగతేమిటంటే, అందులో విల్లెత్తే భుజం నీది. పాదాలు వేసే తీరు, దవడ కింద వచ్చి ఆనే చెయ్యి, వదిలాక కూడా కదలని తల, అన్నీ నిన్ను తలచుకుంటూ చేసినవే.

అంతా బాగానే సాగింది. ఏటవాలుగా తగిలిన బాణం డ్రాగన్ పొలుసు మీద నుంచి ఎగిరి కింద పడేలా కోడ్ రాద్దామని ఒక ఆదివారం కూర్చున్నాను. చెయ్యి ఆడలేదు. ఆ ఒక్క పనిని నెల రోజులు వాయిదా వేశాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

పదమూడేళ్ల కిందటి రాష్ట్ర జట్టు ఎంపిక గుర్తుందా? మనిద్దరికీ ఒకే టార్గెట్. ప్రతి వంతుకీ దగ్గరికెళ్లి పాయింట్లు చెప్పుకున్నాక, బాణాలు పీకేముందు ప్రతి చిల్లు దగ్గరా పెన్నుతో గీత పెట్టాలి కదా. ఆ రోజు పెన్ను నా చేతిలో ఉంది. ఏడు పాయింట్ల వలయంలో దిగిన నా బాణం చూసుకుని ఏడుపొచ్చి, దాని చిల్లుకి గీత పెట్టడం మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను, ఇది నమ్ము. తర్వాతి వంతులో నీ బాణం తగిలి, నిలవకుండా కింద పడిపోయింది. గీత లేని చిల్లు ఎక్కడుందా అని జడ్జి వెతికితే రెండు కనిపించాయి. పదిలో ఒకటి, ఏడులో ఒకటి. రెండుంటే తక్కువదే ఇవ్వాలని రూలు. నీకు ఏడు వేశారు. ఆ ఏడు నాదని నాకు తెలుసు. నోరు విప్పలేదు. రెండు పాయింట్ల తేడాతో జట్టులోకి నేను వెళ్లాను. ఆ సర్టిఫికెట్ మీదే స్పోర్ట్స్ కోటాలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. నువ్వు డిగ్రీ మధ్యలో ఆపేసి సెక్యూరిటీ గార్డుగా చేరావని తర్వాత విన్నాను. జట్టులోకి వెళ్లిన ఏడాదే నేను విల్లు పక్కన పడేశాను. భుజం నొప్పి అని అందరికీ చెప్పాను. నా భుజానికి ఏమీ కాలేదు సరితా, సిగ్గుతో మానేశాను.

ఇప్పుడు కోకాపేటలో ఒక ఆటల స్టూడియోవాళ్లు నా మోడ్ చూసి, వాళ్లు తయారుచేస్తున్న ఆటలో విలువిద్యంతా నన్నే చూసుకోమంటున్నారు. నా చిన్నప్పటి కల ఇంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు. దానికోసం నిజంగా బాణాలు వేసేవాళ్ల ఒంటికి మెరిసే చిన్న బంతులు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి కదలికలన్నీ పట్టుకుంటారట. స్టూడియో హెడ్ ప్రశాంతి గారు నన్నే నిలబడమన్నారు. నాకంటే బాగా వేసే మనిషి ఉందని చెప్పాను. వస్తావా? రాకపోతే ఆ ఉద్యోగానికి నేనూ వెళ్లను. నిన్ను బెదిరించడానికి కాదు, ఒకసారి నీ చోటు లాక్కున్నాను, నీ భుజం కూడా అడక్కుండా వాడుకోలేను.

నీ (ఈ మాట నువ్వు కొట్టేయొచ్చు)
కిరణ్మయి

*

నల్లగండ్ల,
జూన్ 17

కిరణ్,

చింపలేదు. మొదటిసారి పళ్లు నూరుకుంటూ చదివాను. రెండోసారి నీ హీరోగారు విల్లు లాగి కొండెక్కడం దగ్గర నవ్వొచ్చింది, నవ్వినందుకు నామీద నాకే కోపమొచ్చింది. మూడోసారి బోరబండ వెళ్లి అమ్మకి చదివి వినిపించాను. అమ్మ "గా పిల్ల పదమూడేండ్లు మోసింది. దించుకోనియ్యి బిడ్డా. గని ఉట్టిగ దించుకోనియ్యకు" అన్నది. కాబట్టి ఉట్టిగా దించుకోనివ్వను.

నీకు తెలియనిది ఒకటి ఉంది. ఆ ఏడు నీదని నాకు అప్పుడే తెలుసు. నీ ప్రతి బాణం ఎక్కడ దిగుతుందో లెక్కపెట్టుకునేదాన్ని, ఆ ఒక్కటి చూడకుండా ఉంటానా? జడ్జి రెండు చిల్లులు చూపించినప్పుడు నేనే అడగొచ్చు. అడగలేదు. నువ్వే చెబుతావని ఆగాను. పాయింట్ల కాగితం మీద సంతకాలయ్యేదాకా నీ మొహమే చూస్తూ నిలబడ్డాను. నువ్వు వంగి షూ లేసులు కట్టుకున్నావు. గీత మరిచిపోవడం ఎవరికైనా జరుగుతుంది, నేనూ రెండుసార్లు మరిచిపోయాను. మూడు పాయింట్ల బాధ నాకు నెల రోజుల్లో పోయింది. ఆ షూ లేసులు మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తాయి. నా పక్కన రోజూ రైలెక్కి వచ్చిన పిల్ల, నా డబ్బాలో అన్నం తిన్న పిల్ల, ఒక్క మాట అనలేకపోయిందా అని ఏడ్చాను.

ఇంకో సంగతి. నామీద తెగ జాలిపడుతున్నట్టున్నావు, జర ఆపు. నేనిప్పుడు కోకాపేటలోనే ఒక టవర్‌కి సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. పద్దెనిమిది మంది నా మాట వింటారు. విల్లు నువ్వు వదిలేశావు, నేను వదల్లేదు. మల్లయ్య సార్ కరీంనగర్ వెళ్లిపోయేటప్పుడు తన విల్లు నాకిచ్చారు. ప్రతి ఆదివారం పొద్దున్నే వెళ్లి అరవై బాణాలు వేసి వస్తాను. ఎవరూ చూడరు, చప్పట్లు ఉండవు. నాకు బాగుంటుంది కాబట్టి వేస్తాను.

నీ స్టూడియోకి వస్తాను. రెండు షరతులు. ఆటలో నా పేరు పడాలి, మా నాయన పోచయ్య పేరుతో కలిపి. రెండోది, కెమెరాలు పెట్టేముందు అక్కడున్న అందరికీ ఆనాడు జరిగింది నీ నోటితో చెప్పాలి. ఉత్తరంలో రాయడం సులువు, మొహం కనపడదు. ఉద్యోగం ఇచ్చేవాళ్ల ముందు చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. నీకూ తెలుసు. ఆలోచించుకుని తేదీ చెప్పు, డ్యూటీ మార్చుకోవాలి.

సరిత

*

హఫీజ్‌పేట్,
ఆగస్టు 24

మల్లయ్య సార్‌కి, నమస్కారాలతో,

సరిత తన వంతు మీకు ఫోన్‌లో చెప్పేశానంది. నా తప్పు నేనే మీకు చెప్పుకోవాలి కాబట్టి రాస్తున్నాను. పదమూడేళ్లు మీకు మొహం చూపించలేదు, తిట్టాలనుకుంటే తిట్టండి.

ఆ రోజు స్టూడియోలో ఇరవై మంది దాకా ఉన్నారు. సరిత నల్లటి బిగుతు బట్టలు వేసుకుని, ఒంటినిండా బంతులతో, మీ విల్లు పట్టుకుని నిలబడింది. ఇది విన్నాక ఇంత మోసగత్తెకి పని ఎవరిస్తారు అనుకుంటూనే మొదలుపెట్టాను. పెట్టని గీత, నాది కాని గెలుపు, కట్టుకున్న లేసులు, ఏదీ దాచలేదు. ప్రశాంతి గారు సరిత వైపు తిరిగి ఏమంటారండీ మీరు అని అడిగారు.

"చెప్పింది గద మేడం. ఇగ మీ కెమెరాలు పెట్టుండ్రి, నాకు రెండింటికి డ్యూటీ ఉన్నది" అంది సరిత.

ఆ తర్వాతది మీరు చూసి తీరాల్సింది సార్. తాడు లాగి పట్టింది. నా లెక్క ప్రకారం నాలుగో సెకనుకి చెయ్యి వణకాలి. ఐదైంది, ఎనిమిదైంది. పదకొండో సెకనులో వదిలింది, బాణం నడిమధ్యలో దిగింది. తెర మీద భుజం వెంట్రుకవాసి కదల్లేదు. యంత్రం చెడిపోయిందనుకుని యానిమేటర్ రవికిరణ్ బంతులన్నీ పీకి మళ్లీ అంటించాడు. మళ్లీ అదే. మూడోసారి అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, మిగతావాళ్లూ లేచారు. నేను ఆ వణుకును నా చెయ్యి చూసుకుని రాశాను, సరిత చెయ్యి అలా ఉండదని నాకు తట్టనే లేదు. రెండేళ్ల నా మోడ్ తప్పని ఇరవై మంది ముందు తేలిపోయింది. అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు సార్, ఏడ్చేశాను. సరిత నన్ను చూసి, బాణాలు అయిపోయినంక ఏడ్వమంది.

ఉద్యోగం పోలేదు. అబద్ధం చెప్పినవాళ్లు తనకు చాలామంది తెలుసనీ, ఉద్యోగం ఇచ్చేవాళ్ల ముందు ఒప్పుకున్నవాళ్లను మాత్రం ఇప్పుడే చూస్తున్నాననీ ప్రశాంతి గారు అన్నారు. కానీ ఒక మార్పు చేశారు. కథలో వీరుడి చోట వీరవనితను పెట్టారు. కొత్తగా విల్లు పట్టినవాళ్లకి నాలుగో సెకనులో వణుకు వస్తుంది, ఆమెకు మాత్రం పదకొండు దాటినా రాదు. పొలుసు మీద నుంచి ఎగిరిపడే బాణం కోడ్ నేను ఒక్క పూటలో పూర్తిచేశాను. పోయిన వారం నిమిషం వీడియో విడుదల చేశారు. మొట్టమొదట పడిన పేరు సరిత పోచయ్య. మూడు రోజుల్లో ఆరు లక్షలమంది చూశారు. రాజమ్మగారు ఫోన్‌ని కంటికి ఆనించుకుని చూసి, డ్రాగన్‌ని కొట్టేది నా బిడ్డనే అని గల్లీ అంతా చెప్పొచ్చారు. సరిత కింద పనిచేసే టవర్ గార్డులు ఆమెకి సెల్యూట్ చేసేటప్పుడు ఇప్పుడు కాస్త ఎక్కువసేపు చెయ్యెత్తి ఉంచుతున్నారట.

ఇంకొక కబురు. అక్టోబరులో జరిగే రాష్ట్ర సీనియర్ పోటీలకు సరిత పేరిచ్చింది. నేనూ ఇచ్చాను. ఆదివారాలు నాకు మళ్లీ నేర్పుతోంది, మీకంటే కటువు. నా బాణాలు ఇంకా టార్గెట్ తప్పి గడ్డిలో దిగుతున్నాయి, నేను మొదటి రౌండులోనే పోతానని ఇద్దరం ఒప్పేసుకున్నాం. సరిత గెలుస్తుంది. మీరూ తప్పకుండా రండి సార్, ఈసారి ఆమె గెలుస్తున్నంతసేపూ తలెత్తి చూస్తూ పక్కనే నిలబడతాను.

మీ శిష్యురాలు,
కిరణ్మయి