నీ సీసాలో నేను పోసిన నీళ్లు

అక్కా,

నువ్వు పోయి పదకొండు నెలలైంది. ఇంట్లో అన్నీ నువ్వు పెట్టినచోటే ఉన్నాయి, ఒక్క సీసా తప్ప... దాని గురించే రాస్తున్నాను.

బడి పిల్లలను విశాఖకు తీసుకెళ్లినప్పుడు తెచ్చుకున్నావే, ఆ సీసా. కుళ్లకుండా ఉంచే మందునీళ్లలో ఒక రాయి, రాయినిండా చిన్న చిన్న నక్షత్రాల్లా సీ స్క్వర్టులనే సముద్రపు జీవులు. నాచు అనుకున్నాను నేను. "నాచు కాదప్పా, పానం ఉండేదే. దీనికి పెండ్లీ గిండ్లీ యేం అక్కర్లేదు. వొంటిమింద మొగ్గ లేస్తాది, ఆ మొగ్గే ఇంగోటి అయితాది. పాతది కరిగి కొత్తదాంట్లోనే కలిసిపోతాది. ఏడ్చేది ల్యాదు, తద్దినం పెట్టేది ల్యాదు." తర్వాత నా వైపు చూసి, "మనిద్దరికీ ఈ విద్య వచ్చింటే బాగుండు గదప్పా" అన్నావు.

పెళ్లి చేసుకోని ఇద్దరం...

ఆయుధ పూజనాడు కౌల్ బజార్‌లో జీన్స్ కత్తిరించే నా కత్తెరకు బొట్టు పెట్టి ఇంటికి వచ్చాను. ఏటా నువ్వు నీ సీసాకూ పెట్టేదానివి కదా, ఈసారి నేను పెట్టబోయాను. లోపల నీళ్లు సగానికి తగ్గి రాయి బయటపడింది. సముద్రంలో పుట్టింది కదా అని, కాచి చల్లార్చిన నీళ్లలో పిడికెడు ఉప్పు కలిపి నిండా పోశాను. రోజూ రాసే పుస్తకంలో రాసుకున్నాను కూడా: ‘అక్క సీసాకు నీళ్లు పోశాను.’

వారం తిరిగేసరికి నీళ్లు తెల్లబడ్డాయి. మూత తీస్తే కుళ్లు వాసన. ఇలాంటివి నిన్నే కదా అడిగేది...

గుడ్డలో చుట్టుకుని తోరణగల్లు బస్సెక్కి నీ బడికి పోయాను. నీ తర్వాత వచ్చిన మేడం రాయిని కడిగి కొత్త మందు పోసింది. కొన్ని నక్షత్రాలు ఊడిపోయాయి. మిగిలినవి దక్కాలంటే సీసా బడిలోనే ఉండాలంది. సరేనన్నాను. ఇవేమిటో పిల్లలకు చెప్పమంది.

నాకు మాట రాదని నీకు తెలుసు. నోరు తెరిస్తే నీ మాటలే వచ్చాయి. పెండ్లీ గిండ్లీ దగ్గర్నుంచి తద్దినం దాకా, మన సరిహద్దు తీరున సగం కన్నడంలో, సగం తెలుగులో. నువ్వు నవ్వించే చోటే పిల్లలు నవ్వారు.

ఇంటికొస్తే గూట్లో సీసా ఉన్నచోట గుండ్రటి మచ్చ. తుడవబోయి ఆగాను. పుస్తకంలో ఆ రోజు రాసింది ఒక్కటే: ‘మాట్లాడాను.’ ఆ తర్వాతి రోజుల్లో ఏం రాయను?

వచ్చే ఆయుధ పూజకు కుంకుమ పట్టుకుని బడికే పోతాను. నీళ్లు మాత్రం పోయను.

నీ తమ్ముడు