ఆవిడ మానలేదట, అక్కా

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే నీ ఫొటో ముందు దీపం పెట్టి, మధ్యాహ్నం మా సింధుతో లైబ్రరీకి వెళ్లాను. నీ మొజాంబిక్ రచయిత్రి సింగపూర్ వచ్చింది.

మొజాంబిక్‌లోని బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ రాయడానికని పోర్చుగీసు నేర్చుకుని, ఆవిడ నవలల్లో పడిపోయావు. ఆడవాళ్ల కాపురాల గురించి ఉన్నదున్నట్టు రాసినందుకు ఆవిణ్ణి సొంతవాళ్లే తిట్టారనీ, విసిగిపోయి ఇక రాయనందనీ ఆసుపత్రి మంచం మీద కూడా బాధపడ్డావు.

సభ చివర ప్రశ్నలుంటే అడగమన్నారు. "ఆస్క్ లా, అమ్మా! పెద్దమ్మ వుడ్ ఆస్క్!" అని తన సింగపూర్ ఇంగ్లీషులో గొణిగి సింధు మోచేత్తో పొడిచింది. లేచి నిలబడ్డాను.

"మీరు రాయడం మానేశారని మా అక్క చాలా దిగులుపడిందండీ."

వేదిక మీద అనువదించే అమ్మాయి పోర్చుగీసులో చెప్పగానే ఆవిడ పకపకా నవ్వింది. "కోపంలో అన్న మాట అది! చేతులూరుకుంటేగా! కొత్త నవల సగమైంది. మీ అక్కకు చెప్పండి."

నువ్వు లేవని నేను చెప్పలేదు. "తప్పకుండా చెప్తానండీ" అన్నాను.

తిరిగొస్తూ, నువ్వు పోయాక మొదటిసారి, ట్రైన్‌లో హాయిగా నిద్రపోయాను. మా స్టేషన్ బుకిట్ బటోక్ వచ్చిందని సింధు తట్టి లేపింది.