సుత్తె లేకుండా బుష్షు

ఆదివారం
ఎన్నో ఏళ్ళ కింద మంచిర్యాలలో మా అక్క బిడ్డ పెళ్ళి. కట్నాలు చదివేటప్పుడు మా బావ హనుమండ్లు మైకు గుంజుకుని, "సుత్తె బాలమల్లు, స్టీలు బిందె" అని చదివాడు. ఆ పెళ్ళికూతురికి ఇప్పుడు పెళ్ళీడు బిడ్డ ఉంది. నా పేరు ముందు సుత్తె ఇంకా ఊడలేదు. అంతకుముందు ఆయన బాయి మోటారుకు నేను సుత్తెతో బుష్షు వేస్తే మూత పగిలింది, అందుకని. అది పగిలే మూతే.

రాత నాకు అంతగా రాదు. నోటితో చెబితే బావ మార్చేస్తాడు, అందుకే రాస్తున్నాను. నా స్కూటరు కిక్కు గలగలమంటోంది. ఇంజను పక్క మూతలో కిక్కు ఇరుసు తిరిగే చిన్న ఇత్తడి గొట్టం, అదే బుష్షు, అరిగింది. మూత అల్యూమినియం పోత. సుత్తె ముట్టకుండా కొత్త బుష్షు వేస్తాను. బావ కళ్ళముందే వేస్తాను. ఆ పేరు పెట్టిన నోటితోనే తీసెయ్యాలి. ఒట్టు.

సుత్తెను నా భార్య పోశవ్వకు అప్పగించాను. బియ్యం డబ్బాలో పెట్టింది.

సోమవారం
మూత కాగితే రంధ్రం సాగుతుంది. బుష్షు చల్లబడితే సన్నబడుతుంది. అప్పుడు చేత్తోనే జారుతుందట. మెకానిక్ సంపత్ చెప్పాడు. నాకు ముందే తెలుసు. అయినా విన్నాను.

మూతను పొయ్యిమీద కాచి, చెక్కమీద బోర్లించి తట్టాను. పాత బుష్షు రాలింది! పోశవ్వ సాక్షి.

బావకు ఫోన్ చేసి గురువారం రమ్మన్నాను. "వస్త తియ్యి. నీ చేతుల పగిలే సప్పుడు ఇనక శాన దినాలాయె" అన్నాడు.

మంగళవారం
కొత్త బుష్షు ఫ్రిజ్జులో, ఐసు అరలో. చేపలు పక్కకు జరిగాయి. మనసు నిమ్మళం.

బుధవారం
కర్ర సుత్తె, సుత్తె లెక్కలోకి రాదని తోచింది. అయినా పట్టను.

బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూశాను. ఉంది. ఊరికే చూశాను.
"ఏందయ్యా, అన్నం వండుతవా?" అంది పోశవ్వ.

గురువారం
మూత బాగా కాగింది. నీటి చుక్క వేస్తే సుయ్యిమంది. దించి చెక్కమీద పెట్టి, ఫ్రిజ్జు నుంచి బుష్షు తీశాను. అప్పుడే బావ గడపలోకి వచ్చాడు.

అక్క మొగుడు వచ్చాక కాళ్ళకు నీళ్ళియ్యకుండా, చాయ్ పొయ్యకుండా పని చూసుకునే ఇల్లు కాదు మాది. బుష్షు పళ్ళెంలో పెట్టి చెంబు అందించాను. ఒక్కొక్క వేలు సందు కడిగాడు. చాయ్ ఇచ్చాం. సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగాడు. మధ్యలో మంథని బస్సుల సంగతి చెప్పాడు. జల్ది తాగమని బావకు ఎట్లా చెబుతాం?

తర్వాత బుష్షు పెట్టాను. సగం దిగి ఆగింది. బొటనవేళ్ళతో నొక్కాను. కదల్లేదు.
"మూత సల్లారింది. తీసి మల్ల కాస్తే ఏం పోతది?" అంది పోశవ్వ. మంచి మాటే.
బావ మూతిమీది చాయ్ తుడుచుకున్నాడు. "జర ఆగు చెల్లె. బామ్మర్ది చెయ్యి దేనికోసం దేవులాడుతుందో నాకెరుకే" అన్నాడు.

నా చెయ్యి అప్పటికే బియ్యం డబ్బాలో ఉంది.

ఒక్క దెబ్బకు బుష్షు దిగింది. రెండోది భరోసాకు వేశాను. రంధ్రం నుంచి అంచు దాకా మూత చీలింది.
"గిదే సప్పుడు" అన్నాడు బావ. "చెల్లె, ఇంకింత చాయ్ ఉందా?"

శుక్రవారం
జమ్మికుంటలో పాత సామాన్ల దుకాణంలో ఇంకో మూత దొరికింది. ఇంకో బుష్షు చేపల పక్కన చేరింది. ఈసారి సుత్తెను పోశవ్వ ఇనుప సందుకలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఎక్కడ దాచిందో నాకు చెప్పలేదు. నేను అడగలేదు. రెండుసార్లే అడిగాను.

హనుమండ్లు బావా, ఈ కాగితం చింపి నీకే పంపుతున్నాను. నిన్న చాయ్ అంత నిదానంగా తాగింది కావాలనా, నీ అలవాటా? బుధవారంలోగా జవాబు కావాలి. గురువారం మళ్ళీ వేస్తున్నాను, సుత్తె లేకుండా. తప్పక రావాలి. కాళ్ళు మీ ఇంటి దగ్గరే కడుక్కుని రా. చాయ్ బుష్షు దిగినంకనే.