మడిచిన పేజీలు

సెప్టెంబర్ 2, సాయంత్రం

ఈరోజు ఉదయాన్ని రాసి పెట్టుకుంటున్నాను. ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. అందుకే.

ఐదున్నరకు లేచాను. కిటికీ దగ్గర కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. పాలు పొయ్యి మీద పెట్టేసరికి నడిపి చెల్లెలు నైట్ డ్యూటీ నుంచి వచ్చింది. పిల్లలు లేస్తారని చెప్పులు చేత్తో పట్టుకుని. నర్సుగా ఇరవై ఏళ్ళు. చప్పుడు లేకుండా నడవడం దానికి ఒంటబట్టింది. చిన్న చెల్లెలు అప్పటికే కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరిదో యూనిఫాం అంచు విప్పుతోంది. నోట్లో రెండు గుండుసూదులు. వాటితోనే మాట్లాడుతుంది. ఎన్నిసార్లు చెప్పినా వినదు.

తర్వాత పిల్లలు. నడిపిదాని కూతురు వసపిట్ట, చిన్నదాని కూతురు గువ్వ. ఇద్దరికీ పద్నాలుగు. మధ్య నాలుగు నెలల తేడా. ఒకే గది, ఒకే అద్దం, ఒకే క్లాసు, అదీ నా దగ్గర. వసపిట్ట కళ్ళు తెరవక ముందే మాట్లాడుతుంది. గువ్వ మధ్యాహ్నానికి గానీ నోరు విప్పదు. ఇద్దరికీ పేర్లు అలాగే పడ్డాయి.

వసపిట్టకు ఉబ్బసం. రెండుసార్లు దగ్గింది. ఇన్‌హేలర్ పీల్చి గువ్వ చేతిలో పెట్టింది. గువ్వ దాని వెనక ఉన్న అంకె చూసి, హాజరు పిలిచినట్టు చదివింది. నూట అరవై ఎనిమిది. ఇంకా అన్నిసార్లు పీల్చవచ్చన్నమాట. మా వార్డులో ఇంత శ్రద్ధ ఉంటే ఎంత బాగుండు అని నడిపిది ఆవలించింది. ఇది లేకపోతే నా ఊపిరి ఎంతుందో నాకే తెలీదు అని వసపిట్ట గువ్వ మెడ చుట్టూ చేతులు వేసింది.

నడిపిదాని భర్త ఓడల మీద పని చేస్తాడు. చిన్నదాని భర్త గురించి అడగడం మానేశాం. నేను పెళ్ళి చేసుకోలేదు. ఇల్లు నిండుగానే ఉంది.

సెప్టెంబర్ 5

తొమ్మిదో తరగతికి నవల మొదలుపెట్టాను. ఇద్దరు స్నేహితురాళ్ళు వయొలిన్ నేర్చుకుంటారు. ఒకమ్మాయి కచేరీకి ఎంపికవుతుంది. ముందురోజు రెండో అమ్మాయి ఆమె వయొలిన్ తీగ కాస్త వదులు చేస్తుంది. అంతే కథ. ఈ వయసుకు చెప్పాల్సిన పాఠం ఇదే అని ఏటా అనుకుంటాను.

తీగే కదా టీచర్, కొత్తది వేసుకుంటే పోలా అంది వెనక బెంచీ పిల్ల. క్లాసంతా నవ్వింది. స్నేహితురాలిని కూడా కొత్తది వేసుకుంటావా అన్నాను. నవ్వు ఆగింది.

ఎప్పటిలాగే నోట్‌బుక్కులు ఇచ్చాను. రెండు నియమాలు. అసూయ అనే మాట రాయకూడదు. ఆ అమ్మాయి చేతులు ఏం చేశాయో రాయాలి. రెండోది, ఏ పేజీ అయినా నేను చూడకూడదనుకుంటే నిలువుగా మధ్యకు మడవాలి. మడిచిన పేజీ నేను తెరవను. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒక్కటీ తెరవలేదు. పిల్లలకు నా మీద ఉన్న నమ్మకమంతా ఆ మడతలోనే ఉంది.

సెప్టెంబర్ 11

గువ్వ ఒకటిన్నర పేజీ రాసింది. ఆ అమ్మాయి తీగ వదులు చేసే ముందు తన చేతులు సబ్బుతో కడుక్కుంటుందట. గోళ్ళ సందులు కూడా. తర్వాత స్నేహితురాలి జుట్టు దువ్వుతుందట, నెమ్మదిగా, ఒక్క చిక్కు కూడా లాగకుండా.

క్లాసులో గట్టిగా చదివాను. సొంతవాళ్ళని పొగడకూడదని నాకు నేను పెట్టుకున్న హద్దు ఒకటి ఉండేది. ఈరోజు దాటాను. ఇన్నేళ్ళలో ఇలా రాసిన పిల్లను చూడలేదన్నాను.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది వసపిట్ట. అందరికంటే ఆలస్యంగా ఆపింది కూడా.

సాయంత్రం నా గదికి వచ్చింది. తను రాసింది ఎలా ఉందని అడిగింది. బాగుంది, రాత కుదురుగా ఉండాలన్నాను. నిజమే చెప్పాను. ఇంకాస్త చెప్పి ఉండవచ్చు.

సెప్టెంబర్ 12

పొద్దున వసపిట్ట మాట్లాడలేదు. ఇన్‌హేలర్ పీల్చి తన సంచిలోనే వేసుకుంది. గువ్వ చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంది.

సెప్టెంబర్ 16

వసపిట్ట క్లాసులో ఒక ప్రశ్న అడిగింది. కచేరీకి ఎంపికైన అమ్మాయే తన తీగ తాను వదులు చేసుకుంటే ఏమవుతుంది టీచర్, తప్పు రెండో అమ్మాయి మీదికే పోతుంది కదా అని. నవలలో అలా లేదమ్మా అన్నాను. గంట కొట్టారు.

నోట్‌బుక్కులు తెచ్చుకున్నాను. వసపిట్టది తెరిచిన కిటికీలా ఉంది, ఒక్క మడతా లేదు. గువ్వది నాలుగు పేజీలు మడిచి ఉంది.

సెప్టెంబర్ 18

గువ్వ చెయ్యి వసపిట్ట సంచిలో ఉండగా చూశాను. నన్ను చూసి తీసేసింది. పెన్ను కోసం అంది. దాని చెవి వెనకే పెన్ను ఉంది.

ప్రార్థనలో మనసు నిలవలేదు.

సెప్టెంబర్ 19

గువ్వ నోట్‌బుక్కులో ఇప్పుడు తొమ్మిది మడతలు.

సాయంత్రం బాత్రూమ్ లోంచి చిన్న చప్పుడు. ఎవరో పళ్ళ సందునుంచి గాలి వదిలినట్టు. ఆగి, మళ్ళీ. మళ్ళీ. నేను వెళ్ళేసరికి గువ్వ తువ్వాలుతో తలుపు బయట నిల్చుని ఉంది. తల దించుకుంది. లోపలున్నది వసపిట్ట. అత్తరు కొట్టుకుంటున్నా పెద్దమ్మా, బయటికొస్తే నువ్వే మెచ్చుకుంటావు అని లోపలి నుంచే నవ్వింది. అత్తరు వాసన రాలేదు. జలుబు వల్ల నాకు తెలియలేదేమో అనుకున్నాను.

సెప్టెంబర్ 21

గువ్వ నడిపిదాన్ని అడిగిందట, వసపిట్టకు కొత్త ఇన్‌హేలర్ తెమ్మని. ఉన్నది వచ్చే నెల దాకా వస్తుందే, నువ్వు మందుల షాపు మూయించేలా ఉన్నావు అని నడిపిది నవ్వేసింది. గువ్వ నవ్వలేదు.

సెప్టెంబర్ 23, రాత్రి భోజనాలకు ముందు

మూడో పీరియడ్. ఐదో అధ్యాయం చదువుతున్నాను. వసపిట్ట దగ్గడం మొదలుపెట్టింది. ఇన్‌హేలర్ తీసింది. నొక్కింది. ఏమీ రాలేదు. నేను అందుకుని చూశాను. సున్నా.

స్కూల్లో ఇంకొకటి ఉంటుంది, సిక్ రూమ్‌లో. పిల్లలందరికీ తెలుసు. ఈరోజు సిక్ రూమ్ టీచర్ సెలవు. తాళం వేసి ఉంది. తాళంచెవి ఆఫీసులో. ఆఫీసు కింది అంతస్తులో. పరిగెత్తింది గువ్వ. నేను వసపిట్టను నిటారుగా కూర్చోబెట్టి వీపు నిమురుతూ ఉన్నాను. దాని పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి. నా చీర కొంగు పట్టుకుంది. అంత భయం ఆ పిల్ల కళ్ళలో ఎప్పుడూ చూడలేదు. గువ్వ తాళం తీయించి ఇన్‌హేలర్ తెచ్చేసరికి ఏడు నిమిషాలు. గడియారం నా ఎదురుగానే ఉంది.

బతికింది. దేవుడి దయ. ఎల్లుండి ఆసుపత్రి నుంచి పంపిస్తారు.

మంచం పక్కన నడిపిది అడిగింది, ఇరవై రోజుల్లో నూట అరవై ఎలా ఖాళీ అయిందని. వసపిట్ట మాస్క్ పక్కకు జరిపి, నాకు ఎవరి మీదా అనుమానం లేదమ్మా అంది. మాస్క్ మళ్ళీ పెట్టుకోబోతూ, రోజూ లెక్కపెట్టేది గువ్వే కదా, దాన్ని అడగండి అంది.

సెప్టెంబర్ 24, ఉదయం

తెరిచాను.

ఇరవై ఎనిమిదేళ్ళ మాట. ముందు క్షమించమని దేవుణ్ణి వేడుకున్నాను. తర్వాత గువ్వ నోట్‌బుక్కు ఒళ్ళో పెట్టుకుని ఒక్కో మడతా విప్పాను. కథ లేదు. అంకెలు.

నిన్న 151. ఈరోజు 138. దగ్గు రాలేదు.

ఈరోజు 109. బాత్రూమ్‌లో పద్నాలుగు సార్లు వినిపించింది. గాలిలోకి నొక్కేస్తోంది.

అడిగాను. ఎవరికైనా చెబితే నువ్వే చేశావంటానంది. నువ్వు రాసింది అందరూ విన్నారుగా, నమ్ముతారంది.

ఈరోజు 6. పెద్దమ్మకు చెప్పాలి.

చివరి మడతలో ఒక్క వాక్యం. పెద్దమ్మ ఇది చదవదు, మాట ఇచ్చింది.

మధ్యాహ్నం

గువ్వను డాబా మీదికి పిలిచాను. మడతలు విప్పానని చెప్పాను. కోప్పడలేదు. నాకెందుకు చెప్పలేదే అని అడిగాను.

రాశాను కదా పెద్దమ్మా అంది.

ఆరేసిన బట్టలు తీసి మడత పెడుతూ నిల్చున్నాం ఇద్దరమూ.

సెప్టెంబర్ 25

వసపిట్ట ఇంటికి వచ్చింది. దిండ్లకు ఆనుకుని కూర్చుంది. తలుపు వేసి, నువ్వే ఖాళీ చేశావా అని అడిగాను. గొంతు పెంచలేదు.

కాదనలేదు. సిక్ రూమ్‌కి తాళం ఉంటుందనుకోలేదు పెద్దమ్మా అంది. దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. తర్వాత తన నోట్‌బుక్కు నా చేతికిచ్చింది. ఆసుపత్రిలో రాసిందట. ఊపిరి అందని అమ్మాయి గురించి మూడు పేజీలు. మాట మాటా నిజం. బాగా రాసింది. చాలా బాగా రాసింది.

దీన్ని క్లాసులో చదువుతావా అని అడిగింది.

సెప్టెంబర్ 26

చెల్లెళ్ళిద్దరినీ కూర్చోబెట్టి గువ్వ నోట్‌బుక్కు ముందుంచాను. ఈ రోజుల్లో నేను చూసినవీ, వసపిట్ట నాతో అన్నదీ చెప్పాను.

నడిపిది ప్రతి పేజీ చదివింది. కేస్ షీట్ చదివినట్టు. తర్వాత వసపిట్టను పిలిచి అడిగింది. ఆ పిల్ల ఏడ్చింది. పెద్దమ్మ అన్నీ అడుగుతుంటే భయమేసి ఏదో అన్నానమ్మా, చావు అంచుదాకా ఎవరైనా కావాలని వెళ్తారా అంది.

నడిపిది నా వైపు తిరిగింది. అక్కా, చెయ్యని పని చేసినట్టు, చేసిన పని చెయ్యనట్టు రాయడం నేర్పింది నువ్వే కదా అంది. అది చేతులు కడుక్కుని జుట్టు దువ్వే పిల్లను రాసింది, క్లాసంతా చప్పట్లు కొట్టింది, ఇప్పుడు అంకెలు రాసింది, నేను నమ్మాలా అంది. దాని చెయ్యి సంచిలో నువ్వే చూశావు. అయిపోతోందని దానికి ముందే తెలుసు, నన్నే వచ్చి కొత్తది అడిగింది. నా పిల్ల పెదవులు నల్లబడ్డాయక్కా.

చిన్నదాని నోట్లో గుండుసూదులు లేవు, అయినా పెదవులు విప్పలేదు. కాసేపటికి, నా కూతురు అంత పని చెయ్యదు అంది. అంటూ గువ్వ వైపు చూసింది. అలా చూడకుండా ఉండాల్సింది.

గువ్వ లేచి లోపలికి వెళ్ళింది. వెనకే వెళ్ళాను. నేనుంటే అది మళ్ళీ నొక్కేస్తుంది పెద్దమ్మా, ఈసారి ఎవరూ పరిగెత్తకపోతే అంది. దాని మాటలన్నీ ఈ ఒక్కదాని కోసమే దాచుకున్నట్టు చెప్పింది.

సెప్టెంబర్ 27, సాయంత్రం

తేలిపోయింది. గువ్వ సోమవారం హాస్టల్‌కు వెళ్తుంది. చిన్నది ఫారం మీద సంతకం పెట్టింది. నేను వద్దన్నాను. గువ్వే వెళ్తానంది.

వసపిట్ట ఒంటరిగా పడుకోలేనంది. పక్కన ఎవరో ఒకరు ఉండాలని నడిపిది అంది. పెద్దమ్మ కావాలంది వసపిట్ట. నేను సరేనన్నాను.

గువ్వ మంచం మీద అప్పుడే నా దిండు వేసి ఉంది. గువ్వ ఇంకా ఇంట్లోనే ఉంది.