ఫొటోలో నాలుగో మనిషి

సెక్టర్ 2, భిలాయి. 2005, మంగళవారం రాత్రి.

నేను చెబుతున్నాను, కోడలు రత్నం రాస్తోంది. ఒళ్లు అలిసిపోయింది, అయినా ఇవాళే రాయించాలి.

మనవరాలు సునీత, దాని కాలేజీవాళ్లు కలిసి స్టీల్ ప్లాంట్ కట్టినవాళ్ల చరిత్రతో వెబ్‌సైట్ చేస్తున్నారు. సాయంత్రం కంప్యూటర్‌లో మా పాత ఫొటో చూపించింది. తలల మీద కంకర తట్టలతో మేం నలుగురం. కింద ఏముందో చదవమన్నాను. "పనివాళ్ల భార్యలు" అంది.

"ఏటే, ఆ తట్టల్లో మొగుళ్లకి బువ్వ మోస్తన్నామా? పనోళ్లం మేమే. తీసెయ్ అది! మా పేర్లు రాయి."

"ఠీక్ హై మామ్మా, చెప్పు."

నా పేరు, సీతమ్మ పేరు, అప్పలనర్స పేరు చెప్పి ఆగిపోయాను. నాలుగో మనిషిది పలాస. మావైపు అలవాటు కొద్దీ ఊరి పేరుతోనే పిలిచేవాళ్లం. నేను జ్వరంతో పడి ఉంటే నా బిడ్డకి పాలిచ్చిన మనిషి. అసలు పేరు ఎన్నడూ అడగలేదు.

"పర్వాలేదు మామ్మా, ఖాళీ వదిలేస్తాను. సైట్ చూసినోళ్లు ఎవరో ఒకరు రాసి పంపుతారు."

"దాని పేరు తెలిసినోళ్లకి నాలాగే చదువు రాదే!"

సునీత మైకు తీసింది. ఫొటో మీద నొక్కితే నా గొంతు వినబడేలా చేస్తానని నా నోటి దగ్గర పెట్టింది.

"ఓలే పలాసదానా, నీ పేరేటే?" అన్నాను.