హవల్దార్ జయపాల్ గారికి సన్మానాలు ఆపించుట గురించి

రేవుపేట పురపాలక సంఘం కమిషనర్ గారి సముఖమునకు,
సదరు ఊరు మెయిన్ రోడ్డులో శాలువాలు, దండలు, మెమెంటోల వ్యాపారం చేసుకొను గున్నేశ్వరరావు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మాజీ సైనికుడు హవల్దార్ జయపాల్ గారికి కౌన్సిల్ వారు చేయుచున్న సన్మానములను తక్షణం నిలుపుదల చేసి, గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు తాళం ఇప్పించుట గురించి.

జానకిరామ్ గారూ, బాగున్నారా? ముందుగా ఆలస్యానికి క్షమించాలి. తమరు మన ఊరికి కమిషనర్‌గా వచ్చారని తెలిసిన రోజే వచ్చి కలవాల్సింది. ఇంటర్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. కానీ ఏం చెప్పమంటారు, తమరిని చూడ్డానికి వెళ్ళేవాళ్ళంతా దారిలో మా కొట్టు దగ్గర ఆగి శాలువా కొనుక్కుని వెళ్ళడంతో నాకు గల్లా వదిలే తీరిక దొరకలేదు. నేను రాలేదు గానీ నా సరుకు వచ్చి తమరి భుజాల మీద కూర్చుంది. కౌన్సిల్ హాల్లో చూసుకున్నాం, నిజమే. తమరు వేదిక మీద, నేను శాలువాల పళ్ళెంతో గోడవారన. దాన్ని కలవడం అనరు కదా.

శాలువాలు అమ్ముకునేవాడే సన్మానాలు ఆపమంటున్నాడేంటని తమకు అనుమానం రావచ్చు. నాకు మతి పోలేదు. ఈ దిగువ సంగతులు చదవ ప్రార్థన.

1. సదరు జయపాల్ గారు మిలటరీలో హవల్దారుగా చేసి రిటైరైన మనిషి. భార్య సంపూర్ణమ్మ గారు. మా కొట్టు మీద మేడలో అద్దెకుంటున్నారు. ఆ మెట్లు మా నాన్నగారు స్థలం కలిసొస్తుందని నిలువుగా కట్టించారు. ఎక్కుతుంటే నిచ్చెన ఎక్కినట్టే ఉంటుంది. సంపూర్ణమ్మ గారికి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. అప్పట్నుంచి ఆవిడ కిందకి దిగలేదు. లూథరన్ చర్చి మా వీధి చివరే. ఆదివారం గంట మోగగానే కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, పాటల పుస్తకం తెరిచి, అక్కణ్ణుంచే పాడతారు. కింద నేను దండలు కడుతూ వింటూంటాను.

పోయిన క్రిస్మస్‌కి నేనూ, పక్క కొట్టు రమేష్ బాబూ ఆవిడని కుర్చీతో సహా దింపబోయాం. సగం మెట్లకి వచ్చాక ఆవిడే వద్దన్నారు. "నన్ను పెట్టెలో దింపే రోజు ఎలాగూ ఉంటది బాబూ. ఇప్పట్నుంచీ ప్రాక్టీసెందుకు, పైకి తీసుకెళ్ళిపోండి." తీసుకెళ్ళిపోయాం.

2. కాలవ అవతల ప్రభుత్వం వారు కట్టిన ఫ్లాట్లలో కింది అంతస్తువి నడవలేనివాళ్ళకీ, మాజీ సైనికులకీ ఇవ్వాలని తీర్మానం ఎప్పుడో అయింది. అందులో ఒకటి ఖాళీగా ఉంది. జయపాల్ గారు అర్హులేనని తమ ఆఫీసు వారే రాశారు. ఇక కౌన్సిల్ 'సరే' అనడమే తక్కువ. ఆ 'సరే' ఎందుకు రావడం లేదో పళ్ళెం పట్టుకుని నిలబడేవాణ్ణి గనక నాకు తెలుసు.

మొదటిసారి అజెండాలో ఆయన పేరు చదవగానే మా వార్డు మెంబరు త్రిమూర్తులు గారు లేచారు.

"ఇంత గొప్ప మనిషి మన హాలుకొస్తే సన్మానం లేకుండా తిన్నగా ఇంటి సంగతి మాట్లాడేస్తామా అండీ? ఏదో దానం చేసినట్టుంటది. ముందు గౌరవం, తర్వాతే ఇల్లు!"

చప్పట్లు. శాలువా. ఒక్కో మెంబరుతో విడివిడిగా ఫొటో. ఆ తర్వాత టిఫిను. పెసరట్టు ఉప్మా తిన్న మెంబరు మళ్ళీ హాల్లోకి రాడన్నది తమకు తెలియనిది కాదు. కోరం లేదని ఇంటి సంగతి వాయిదా వేశారు. తర్వాతి సమావేశానికి జయపాల్ గారు మళ్ళీ వచ్చారు. గొప్ప మనిషి మళ్ళీ వచ్చాడు కాబట్టి మళ్ళీ సన్మానం, మళ్ళీ పెసరట్టు, మళ్ళీ కోరం లేదు. అలా నడుస్తూనే ఉంది.

ఒకసారి ఆయన ఎత్తు వేశారు. "నేను వెళ్ళకపోతే శాలువా ఉండదు. శాలువా లేకపోతే ఇల్లు మాట్లాడతారు కదండీ గున్నేశ్వరరావు గారూ" అని ఇంట్లోనే ఉండిపోయారు. అర్జీదారు గైర్హాజరు అని రాసి వాయిదా వేశారు.

3. పోయిన సమావేశంలో గ్యాసు అయిపోయి టిఫిను ఆలస్యమైంది. ఆ పుణ్యాన మొదటిసారి చర్చ జరిగింది. తమరు వేదిక మీదే ఉన్నారు, అయినా ఫ్యాను చప్పుడులో వినపడిందో లేదో అని రాస్తున్నాను.

"కింద ఫ్లాటేంటండీ?" అన్నారు త్రిమూర్తులు గారు. "దేశానికి కాపలా కాసిన మనిషిని తీసుకెళ్ళి కింద పెడతామా? పై అంతస్తు ఇవ్వాలి. బాల్కనీలో జెండా ఎగరాలి. బైపాస్ మీద పోయేవాళ్ళకి కనపడాలి!"

"మంచుకొండలెక్కినోరికి మూడంతస్తులు ఒక లెక్కా?" అని వెనక బెంచీ వంత.

జయపాల్ గారు లేచి నిలబడ్డారు. "ఎక్కాల్సింది నేను కాదండి. మా ఆవిడ."

"ఆవిడగారు మిలటరీలో చేశారా?"

"లేదండి. నేను అక్కడున్నన్నాళ్ళూ ఇక్కడ మా అమ్మనీ నాన్ననీ ఒక్కతే చూసుకుంది."

"మరి మాజీ సైనికుల కోటాలో ఆవిడ తుంటి గురించి ఎలా మాట్లాడతామండీ? రూలుండొద్దా?"

జయపాల్ గారు కూర్చున్నారు. ఛైర్‌పర్సన్ సత్యవాణి గారు తీర్పు చెప్పారు. "గొడవెందుకండీ, కిందో పైనో తర్వాత తేల్చుకుందాం. ముందు ఆ కాలనీలో ఒక వీధికి ఆయన పేరు పెట్టేద్దాం." ఏకగ్రీవం. ఈలోగా గ్యాసు వచ్చింది.

4. అదే ఊపులో సిబ్బంది ప్రవర్తన మీద కూడా ఒక తీర్మానం చేశారు. మాజీ సైనికులు ఆఫీసులోకి వస్తే స్టాఫ్ అంతా లేచి నిలబడవలెను, వారు వెళ్ళువరకు కూర్చొనరాదు. వినడానికి బాగానే ఉంది. మర్నాడు ఆయనకి తోడుగా హౌసింగ్ సెక్షన్‌కి నేనూ వెళ్ళాను. గదిలో అందరూ లేచారు. ఆ సీటులో ఉండేది శ్రీదివ్య గారని, మంచి పిల్ల.

"కూర్చో అమ్మా, నా ఫైలు ఎక్కడుందో ఒక్కసారి చూడు."

"కూర్చోకూడదండి. కెమెరాలో చూసి మెమో ఇచ్చేస్తారండి."

"పోనీ నిలబడే చూడు."

"కంప్యూటర్ కిందకుంది కదండీ. వంగితే నిలబడినట్టు కాదంటున్నారండి. మీరు కాస్త బయటికెళ్ళండి సార్, వెంటనే కూర్చుని చూసేస్తాను."

ఆయన బయటికెళ్ళారు. ఆ అమ్మాయి కూర్చుంది, గబగబా ఏదో కొట్టింది, తలుపువైపు తిరిగి కేకేసింది. "సార్, ఇక్కడ మీ వేలిముద్ర కావాలండీ!"

ఆయన లోపలికొచ్చారు. అందరూ లేచారు.

బయటికి నడుస్తూ ఆయన అన్న మాట ఒక్కటే. "మిలటరీలో కూడా నా కోసం ఇంతమంది లేవలేదండి. హవల్దారుకి ఎవరు లేస్తారు?"

5. వీధి బోర్డు మాత్రం పెట్టేశారు. ఆ పనికి కోరం అక్కర్లేదు కాబోలు. నీలం బోర్డు, తెల్ల అక్షరాలు, 'జయపాల్ వీధి'. ఆ వీధిలో గేదెలున్నాయి, కుక్కలున్నాయి, జయపాల్ గారొక్కరూ లేరు. ఖాళీ ఫ్లాటు సరిగ్గా ఆ బోర్డుకి ఎదురుగానే ఉంది. ఆయన సైకిలు మీద వెళ్ళి తాళం పట్టుకుని లాగి చూసి వచ్చారు. "గట్టి తాళమేనండి" అన్నారు.

కప్పిన శాలువాలన్నీ మా కొట్లో కొన్నవే, మళ్ళీ మా మేడ మీదకే చేరుతున్నాయి. కిటికీకి తెర ఒకటి, వంటింటికి అడ్డం ఒకటి. మొన్న అద్దె రసీదు ఇవ్వడానికి పైకి వెళితే సంపూర్ణమ్మ గారు ఇంకోటి మడత పెడుతూ నవ్వారు. "ఇంకో నాలుగు కప్పమనండి బాబూ. అన్నీ ముడేసి కిటికీలోంచి వేలాడదీస్తే నేనే దిగిపోతాను, వాళ్ళకీ శ్రమ ఉండదు."

నేను నవ్వలేదు. ఆ మెట్లు మావి.

నిన్న తమ ఆఫీసు జవాను వచ్చాడు. వీధికి పేరు పెట్టిన సందర్భంగా జయపాల్ గారికి అభినందన సభట. పెద్ద శాలువా కావాలి, జరీ అంచుది. లేదన్నాను. నా వెనక అద్దాల బీరువా నిండా దొంతరలు.

"మరి అవేంటండీ?" అన్నాడు.

"అవి శాలువాలు కావు" అన్నాను.

మా నాన్నగారు కొట్టు తెరిచినప్పట్నుంచీ కొనడానికి వచ్చినవాణ్ణి ఒట్టి చేతుల్తో పంపడం ఇదే మొదలు. రాజమండ్రి నుంచి తెప్పించుకుంటారని నాకు తెలుసు. అయినా సరే.

కాబట్టి తమతో మనవి చేసుకునేదేమంటే, వచ్చే సమావేశంలో ఇంటి సంగతి మొదటి అంశంగా పెట్టించాలి. అది తేలేవరకు పెసరట్టు వాసన హాల్లోకి రానివ్వకూడదు. ఆఫీసులో మాజీ సైనికుల కోసం స్టాఫ్ లేవనక్కర్లేదు, వాళ్ళకో కుర్చీ వేస్తే చాలు. ఇంతమందిని లేచి నిలబడమని తీర్మానాలు చేశారు గానీ, ఆయన్ని కూర్చోమన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

పోయినసారి ఫొటో పేపర్లో పడింది. తమరూ ఉన్నారు అందులో. అందరూ కెమెరావైపు చూస్తున్నారు. జయపాల్ గారొక్కరే తమవైపు చూస్తున్నారు. ఫొటో కత్తిరించి ఉంచాను, కావాలంటే పంపుతాను.

పై సంగతులు తమరు చప్పట్లూ, దండలూ లేకుండా చిత్తగించవలెను.

ఇట్లు
తమ విధేయుడు, ఇంటర్ సెకండియర్ రెండో బెంచీ,
గున్నేశ్వరరావు

తా.క. ఒరేయ్ జానకిరామూ, పైనున్నది టపాలో వేసుకో. ఇది నీకు. నువ్వు నా ఫ్రెండువని సంపూర్ణమ్మ గారికి చెప్పేశాను, ఇప్పుడు నా పరువు నీ చేతిలో ఉంది. ఆ బీరువాలోంచి ఒక మంచి శాలువా తీసి పక్కన పెట్టాను. అది ఆయనకి కాదు, నీకు. తాళం ఆయన చేతిలో పెట్టిన పూట ఫొటోలు లేకుండా నేనే కప్పుతాను. ఆవిడ టీ పెడతానన్నారు, కొత్తింట్లో, సొంత కాళ్ళ మీద నిలబడి. ఫోన్ చేసినప్పుడల్లా ఓసారి కలుద్దాంరా అంటావుగా. చోటు నేను చెప్పేస్తున్నాను, జయపాల్ వీధి, బోర్డుకి ఎదురు ఫ్లాటు. రోజు నువ్వే చెప్పాలి. ఎప్పుడు కలుద్దాం?