47వ నంబరు పటం మీది పెన్సిలు చుక్కలు తుడవవద్దని

జగ్గయ్యపేట,
శనివారం.

ప్రత్యేకాధికారి గారికి,
తీరపటాల భాండాగారం, నందిగామ.

అయ్యా,

విషయం: నా భార్య కీ.శే. పరిమళ సేకరించిన పాత సముద్ర పటాలు, రేవుల ఛాయాచిత్రాలలో 47వ నంబరు పటాన్ని శుభ్రపరచకుండా నిలుపుదల చేయుట గురించి.

జగ్గయ్యపేట కాపురస్థుడు, బి.కాం. చదివి ముప్పై ఒక్క ఏళ్లుగా దస్తావేజులు రాసుకుని బతుకుతున్న ముత్తవరపు భవానీప్రసాద్ మనవి చేసుకునేది:

1. నా భార్య సోషల్ టీచరు. బందరు, భీమిలి, కోరంగి, రంగూను, పినాంగు రేవుల పాత ఫొటోలు, ఓడదారుల పటాలు ఇరవై ఏళ్లపాటు సేకరించింది. మొత్తం 212. సముద్రం లేని ఊళ్లో ఇవెందుకని అడిగితే, "ఉంటే వెళ్లి చూసొచ్చేదాన్నిగా" అనేది.

2. కిడ్నీలు చెడిన తరువాత పదకొండు నెలలు, వారానికి రెండుసార్లు, నందిగామలో డయాలసిస్ జరిగింది. వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. ఎడమ చేతికి సూదులు, కుడి చేయి ఖాళీ. బందరు నుంచి రంగూనుకు స్టీమర్లు వెళ్లిన దారి చూపే పటం ఒకటి ఉంది. అదే తమ 47. దాన్ని పరీక్ష అట్టకు తగిలించి నేను పట్టుకునేవాడిని. డయాలసిస్‌కు ఒకటి చొప్పున ఆ దారి మీద పెన్సిలుతో చుక్క పెట్టేది.

"రంగూను చేరాక ఏం చేద్దాం?" అని ఒకరోజు అడిగాను.

"దిగి టీ తాగుదామండి. ముందు మీరా అట్ట కదపకండి."

కొన్ని చుక్కల పక్కన సన్నని రాత ఉంది. "గాలి బాలేదు" అన్నది బి.పి. పడిపోయిన రోజు. "ఈయన కునుకు తీశారు" అని మూడుచోట్ల ఉంది.

మొత్తం తొంభై మూడు చుక్కలు. తొంభై నాలుగో దానికి బయలుదేరవలసిన ఉదయం ఆమె నిద్ర లేవలేదు. అప్పటికి రంగూను ఇంకా రెండు వేళ్ల దూరంలో ఉంది.

3. పెద్దకర్మ నాడు మా అక్కయ్య గీతాంజలి, "ఇవన్నీ ఎదురుగా పెట్టుకుని ఎన్నాళ్లు కూర్చుంటావురా? నలుగురూ చూసే చోట ఇచ్చెయ్, దాని పేరన్నా ఉంటది" అంది. నిజమే అనిపించింది. ఆ మధ్యాహ్నమే దానపత్రం రాశాను. చేతికి అలవాటైన మాటలే పడ్డాయి: "ఉన్నవి ఉన్నట్టుగా సర్వహక్కులతో మీ పరం చేసితిని. మీ ఇష్టానుసారం మార్పులు చేసుకొనవచ్చును. ఇకమీదట నాకుగానీ నా వారసులకుగానీ ఎట్టి హక్కూ లేదు." ఇళ్ల స్థలాలకు రాసే మాటలవి. 47వ పటం హాస్పిటల్ సంచిలోనే ఉందనుకున్నాను. అక్కయ్య సంచి సర్దుతూ దాన్ని కూడా పెట్టెలో పెట్టేసింది. నేను చూసుకోకుండా సంతకం చేశాను.

4. పటాల మీద తరువాతి కాలంలో చేరిన పెన్సిలు గీతలు, రాతలు తొలగించి సోమవారం నుంచి స్కాన్ చేస్తారని తమ నోటీసు బోర్డులో చూశాను. నిన్న శుక్రవారం వచ్చి పెద్ద గుమాస్తా రత్నబాబు గారిని కలిశాను. ఆయన నా దానపత్రమే తెచ్చి నా ముందు పెట్టారు.

"ప్రసాద్ గారూ, మీరు రాసిన కాయితంలో సందు దొరకదని పేరు కదండీ. ఇప్పుడు నన్నెక్కడ వెతకమంటారు?"

"నేనూ వెతికానండి. లేదు."

"పోనీ తుడిచే ముందు ఫోన్లో ఒక ఫొటో తీసుకోండి. నేను చూడనట్టు ఉంటా."

తీశాను. అందులో కాగితం పడింది, చుక్కలు పడలేదు. అంత లేతగా ఉన్నాయి. వేలితో తడిమితేనే తగులుతాయి.

5. ఆమె చేతిరాత ఇంట్లో వేరే లేదా అని తమరు అడగవచ్చు. ఉంది. హాజరుపట్టీలు, పాల క్యాలెండరు ఉన్నాయి. నన్ను "ఈయన" అని రాసింది మాత్రం ఈ పటం మీదే.

6. పటం తిరిగి ఇమ్మని అడగడం లేదు. అడిగే హక్కు నాకు లేదని నేనే రాశాను. తక్కిన 211 ఎలాగైనా శుభ్రపరచుకోండి. వాటన్నిటికీ తెలుగులో వివరాలు రాసిపెట్టమంటే రోజూ వచ్చి రాస్తాను. ఈ ఒక్కదాని మీద రబ్బరు పెట్టించకండి. సోమవారం పది గంటలకు తమ గుమ్మం దగ్గర ఉంటాను. అడ్డుపడను. ఈ "అడ్డుపడను" అనే మాట రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను.

కావున పై సంగతులు చిత్తగించి, పని మొదలయ్యేలోగా తగిన ఉత్తర్వు ఇప్పించవలెనని వేడుకుంటున్నాను.

తమ విధేయుడు,
ముత్తవరపు భవానీప్రసాద్

తా.క.: తమ సిబ్బంది లెక్కపెడితే తొంభై నాలుగు చుక్కలు వస్తాయి. నిన్న పటం చూడడానికి పది నిమిషాలు ఇచ్చారు. తమ గదిలోకి పెన్ను తేకూడదని నా పెన్ను తీసుకుని, రిజిస్టరులో సంతకానికి పెన్సిలు ఇచ్చారు. రంగూను రేవులో ఉన్న చుక్క నేను పెట్టింది. ప్రభుత్వ ఆస్తి మీద రాయడం తప్పని తెలుసు. ఏ శిక్ష అయినా ఒప్పుకుంటాను. తుడవక తప్పదంటే ఆ ఒక్కటీ చివరన తుడిపించండి. ఆమెను కాసేపు ఒడ్డున ఉండనివ్వండి.